రెండో తుమ్ము

మేం మాట్లాడుకున్న లారీ ముందురోజు గుంటూరు యార్డుకు ఎండుమిర్చి మోసిందట. ఈ సంగతి మంచాలూ బీరువా ఎక్కించాక తెలిసింది.

జగ్గయ్యపేటలో ఇల్లు ఖాళీ చేసి నందిగామ వెళుతున్నాం. తొంభైల్లో మా వైపు వలసంతా ఒక వరస. నందిగామ ఇంటాయన హైదరాబాదు కదిలితేనే మాకు ఇల్లు. మేం కదిలితేనే, అప్పటికే వీధి మలుపులో ట్రాక్టరు ఆపుకుని మమ్మల్ని గుర్రుగా చూస్తున్న పెనుగంచిప్రోలు వాళ్ళకి ఇల్లు. నందిగామ ఇంటాయన పంచాంగం చూసి రోజు పెట్టుకున్నాడు. ఫోనులో ఖరాఖండీగా చెప్పాడు కూడా: "పన్నెండింటికి బస్సెక్కేస్తామండీ. ఈలోపు రాకపోతే తాళం వేరేవాళ్ళకి ఇచ్చేస్తా." నాకు ఆయన బస్సే పంచాంగం.

పదింటికి ఇంజను స్టార్టయింది. లారీ వణికింది, ఎర్రదుమ్ము లేచింది. డ్రైవరు తుమ్మాడు, ఒక్కసారే.

"ఒంటి తుమ్ము! ఆపవయ్యా," అంటూ మా అమ్మ కిందికి దిగిపోయింది. ఒంటి తుమ్ముకి ప్రయాణం ఆపాలి, కూర్చుని మంచినీళ్ళు తాగాలి. జంట తుమ్మయితే వెళ్ళొచ్చు. బిందెలు లారీలో సామాను అడుగున ఉన్నాయి కాబట్టి పక్కింటివాళ్ళు నీళ్ళిచ్చారు.

మళ్ళీ ఎక్కాం. ఈసారి మా ఆవిడ మూడు తుమ్మింది. మూడు కూడా ఒంటి కిందికే వస్తుందట. మళ్ళీ దిగాం, మళ్ళీ నీళ్ళు.

నేను శకునాలను గ్రంథాలయం మీటింగులో ఉతికి ఆరేసి వారమన్నా కాలేదు. ఊరుకుంటానా?

"అమ్మా, తుమ్ముకి కారణం మిరపకాయ ఘాటు. విధి కాదు."

"మిరపకాయేరా. కాదన్నానా? ఆ మిరపకాయని మన లారీలోకే తెచ్చిందెవరు?"

"డ్రైవరు!"

"మరి డ్రైవరుని తెచ్చిందెవరు?"

తెచ్చింది నేనే. ట్రాక్టరు మీంచి ఒకావిడ అరిచింది: "ఏమండోయ్, మీరు తుమ్మటం అయ్యాక చెబుతారా, లేక మమ్మల్ని ఇక్కడే పొయ్యి పెట్టుకోమంటారా?"

మూడోసారి ఎక్కేసరికి పదకొండు. డ్రైవరు మళ్ళీ తుమ్మాడు, ఒకటే. అమ్మ తలుపు మీద చెయ్యేసింది. మా ఆవిడ నా చెవిలో అంది: "వాదనలో మీరే గెలిచారు. ఇప్పుడు ఒక్క తుమ్ము తుమ్మండి, ఇల్లు పోతోంది."

తుమ్మాను. దొంగతుమ్మే. కాని ఊపిరంతా కూడదీసుకుని అద్దం అదిరేలా తుమ్మాను.

"చిరంజీవ," అంది అమ్మ. "పోనివ్వవయ్యా."

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా చేరాం. ఇంటాయన చేతిలో సంచి, తాళంచెవితో గుమ్మంలోకొచ్చాడు. భార్యాపిల్లలు అప్పటికే రిక్షాలో కూర్చున్నారు. తాళంచెవి నా చేతిలో పెట్టబోతుండగా మా లారీ గాలి ఆయనకి సోకింది.

తుమ్మాడు. ఒకటే.

తాళంచెవి జేబులో వేసుకుని, గిరుక్కున వెనక్కి తిరిగి, ఖాళీ ఇంట్లో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. "కాసిని మంచినీళ్ళిస్తారా అండీ," అన్నాడు దిగాలుగా. రిక్షాలోంచి ఆయన భార్య, "బస్సు పోతుందండీ!" అని కేకలు.

మా అమ్మ లోపలికి తొంగిచూసింది.

"లేవండి బాబూ, ఏం ఫర్వాలేదు," అంది. "మావాడు తుమ్ముతాడు."