తడి ఎంత?

మొన్న క్లాసుకు వెళ్ళేసరికి వెనక బెంచీలో ఎవరో ఫోన్లో పాఠం వింటున్నారు. స్కూటర్ ఆగిన చప్పుడు, వెనకే హైవే బస్సు హారన్, ఆ తర్వాత ఒక ఆడగొంతు: "ఆగండి, ఆ బస్సును ముందు వెళ్ళనివ్వండి, నీళ్ళ సంగతి తర్వాత." గుమ్మంలోనే నిలబడిపోయాను. అది మా సుశీల మేడమ్ గొంతు. యూనివర్సిటీలో నాకు నీటి యాజమాన్యం నేర్పిన మనిషి. ఆవిడ రిటైరై చాలా కాలమైంది గానీ, కంచికచర్ల దగ్గర చేలగట్టు మీద నిలబడి రికార్డు చేసిన ఆ పాఠాలు ఇప్పటికీ పిల్లల ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

మాది జగ్గయ్యపేట. నాన్న సిమెంటు లారీ నడిపేవాడు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు ఇంగ్లీషు పాఠాలు ఒక పట్టాన తలకెక్కేవి కావు, లేచి అడగాలంటే సిగ్గు. అది కనిపెట్టిన మేడమ్ ఒకరోజు పిలిచి, "నసీమా, పాఠం తెలుగులో చెప్పి గ్రూపులో పెట్టా. బస్సులో విను. అర్థం కాకపోతే వెనక్కి తిప్పు, నేనేం విసుక్కోను" అన్నారు. తోటి మాస్టార్లు "మేడమ్ గారు రీల్స్ మొదలెట్టారండోయ్" అని ఆటపట్టిస్తే, "లైకులే రావట్లేదండి" అని ఆవిడే ముందు నవ్వేసేవారు. చదువు మానేద్దామనుకున్నదాన్ని మానకుండా నిలబడ్డానంటే ఆ పాఠాల చలవే. ఈ మాట ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు.

నా చదువు చివరి ఏడాదిలో మేడమ్ కొత్త కోర్సు తెచ్చారు, నేనూ అందులో చేరాను. రైతులు తమ పొలం సంగతి ఫోన్లో నింపితే, ఎక్కడ నేల ఎండిందో, ఎక్కడ నీళ్ళు కావాలో కంప్యూటరు రంగుల పటం గీసి చూపిస్తుంది. దాని కోసం ఆవిడ నందిగామ చుట్టుపక్కల ఎండనక వాననక తిరిగారు. కోర్సును ఉంచాలా, తీసెయ్యాలా అని యూనివర్సిటీ కమిటీ తేల్చే ముందురోజు చూస్తే, మా క్లాసు చేసిన పటంలో కీసర వైపంతా ఎరుపే. ఎరుపంటే ఎండిపోయినట్టు. అనుమానమొచ్చి ఇద్దరం వెళ్ళాం. మిరపచేలో అడుగు పెట్టగానే నా చెప్పు బురదలో ఉండిపోయింది.

"ఇదంతా ఎండిపోయిందని వచ్చిందేంటి బాబాయ్?" అని అక్కడి రైతును అడిగాను.

"ఎండేదేంటమ్మా! నిన్ననే గదా రెండో తడి పెట్టింది. తడి ఎంత అని మీ ఫోనే అడిగింది, రెండని కొట్టా."

మేము అడిగింది నేలలో తేమ నూటికి ఎంత అని. ఆయన చెప్పింది చేనుకు ఎన్నిసార్లు నీళ్ళు పెట్టాడో. ఈ వైపు తడి అంటే అదే మరి. మేడమ్ గట్టు మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు.

"ఆ ఊళ్ళు తీసేసి చూపిద్దామండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు సాయంత్రం ఒక మాస్టారు. మర్నాడు మేడమ్ ఆ ఎర్ర పటాన్నే కమిటీ ముందు పెట్టారు. "పిల్లల తప్పేం లేదండి. ప్రశ్న రాసింది నేను. పుట్టి పెరిగింది ఇక్కడే, అయినా నాకు తట్టలేదు" అన్నారు. నా మార్కులు పోలేదు. కోర్సు మాత్రం ఆగిపోయింది.

"బాధగా ఉందా మేడమ్?" అన్నాను బయటికొచ్చాక.

"ఉండదా మరి? అంత తిరిగా. కానీ ఆ పటం చెరిపెయ్యకు నసీమా. ఎవరన్నా మళ్ళీ మొదలెడితే చూపించు. ఎవరు చేశారంటే నా పేరే చెప్పు."

కొన్నేళ్ళకు కోర్సు మళ్ళీ మొదలైంది. ఇప్పుడది చెప్పేది నేనే. ఏటా మొదటి క్లాసులో ఆ పటం చూపిస్తాను. ఇంత తప్పు ఎవరు చేశారని పిల్లలు నవ్వుతారు. ఆవిడ పేరు చెబుతాను, జరిగింది చెబుతాను. నవ్వులు ఆగాక ఎవరో ఒకరు మెల్లగా చెయ్యెత్తి, "నేనూ ఒకసారి ఇలాగే తప్పు చేశాను మేడమ్" అంటారు. పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.