వెర్లిన్ కొత్త బ్రేకులు

బేకర్స్‌ఫీల్డ్‌లో వెర్లిన్ హాకెట్ కారు ఆపడం ఊరంతా ఎరిగిన తంతు. అది పైకప్పు లేని పాతకాలపు బండి. దానికి తనే బిగించిన పెద్ద ఇంజను జోరు పాత బ్రేకులకు అందేది కాదు. కూడలి కనబడగానే సీట్లోంచి లేచి, ఒంటి బరువంతా బ్రేకు మీది కుడికాలిపై మోపి, జనాన్ని తప్పుకోమని ఎడంచెయ్యి ఊపేవాడు. ఓసారి అలా ఊపుతూనే పొరుగావిడ గులాబీ కంచెలోకి దూసుకెళ్ళాక, భార్య లోరీన్ ఆ కారెక్కడం మానేసింది. "ఈ కాలపు డిస్కు బ్రేకులు వేయించుకోరా, మొండోడా!" అనేవాడు స్నేహితుడు డ్వేన్. "మా తాత కోటుకి ప్లాస్టిక్ గుండీలు కుట్టమంటావా?" అనేవాడు వెర్లిన్.

ఖాళీ పక్కసీటు చూసి చూసి, చివరికి ఓ పాత పెద్దకారు నుంచి ముందు చక్రాలకు వెడల్పాటి పాతకాలపు బ్రేకు డ్రమ్ములు సంపాదించాడు. లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకుషూలు వాటి వంపుకి అతికినట్టు కుదిరేదాకా ఓపిగ్గా అరగదీశాడు. ఆదివారం లోరీన్ పీచ్‌పళ్ళ కేకు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి ఎక్కింది. వాలులో కుక్క అడ్డొచ్చింది. వెర్లిన్ అలవాటు కొద్దీ లేచి తొక్కాడు. కారు ఉన్నచోటే పాతుకుపోయింది. అతని టోపీ బానెట్ మీదికీ, కేకు అద్దం మీదికీ ఎగిరాయి. కుక్క తీరిగ్గా దాటిపోయింది.

లోరీన్ కనుబొమ్మ మీది క్రీము తుడుచుకుంది. "ఆగింది" అంది.

"ఆగింది కదూ!" అన్నాడు వెర్లిన్, ఇంకా నిలబడే.

"కూర్చునే తొక్కొచ్చుగా, ఆ నిలబడ్డమేంటి? జరుగు, నేను నడుపుతా."

ఆ స్టీరింగు ఏనాడూ ఎవరికీ ఇవ్వని మనిషి పక్కసీట్లోకి జరిగాడు. ఇల్లు చేరేదాకా ఆమె అవసరమున్నచోటా లేనిచోటా కారు ఆపుతూనే ఉంది, అతను పళ్ళికిలిస్తూనే ఉన్నాడు.