పసుపు కింద నంబరు

తన లారీకి ఏ ఇంజను ఉందో తెలిసిన లారీ ఓనరు ఇంతవరకు మా కొట్టు మెట్లు ఎక్కలేదు. గజపతినగరంలో రాయగడ వెళ్ళే రోడ్డు మీద లారీ స్పేర్ పార్టుల కొట్టు మాది. నాన్న కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. వచ్చినవాడు ముందు నన్ను దాటి లోపలికి తొంగిచూస్తాడు, మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. లేరని తేలాక, ఇక తప్పదన్నట్టు నాకేసి తిరిగి "పాత ఇంజనుకి హెడ్ గాస్కెట్ కావాలి" అంటాడు. ఏ పాత ఇంజను అని అడిగితే "పెద్దదేనమ్మా, ఆరు సిలిండర్లది" అంటాడు. ఆరు సిలిండర్ల పాత ఇంజన్లు ఎన్ని రకాలో చెప్పడం మొదలుపెడితే వాడు టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

ఇంకొకడు ఫోను తీసి ఫోటో చూపిస్తాడు. అందులో ఇంజను కనబడదు, ఇంజనుకి అడ్డంగా నిలబడి మీసం దువ్వుకుంటున్న వీడు కనబడతాడు. మరీ తెలివైనవాడైతే ఇంజను చప్పుడు రికార్డు చేసుకుని వస్తాడు. "మీ నాన్నగారైతే సప్పుడు బట్టి సెప్పీవోరు" అని ఓ మాట కూడా వేస్తాడు. మా నాన్న చప్పుడు విని మోడలు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. చెప్పగలనని ఎవడైనా అంటే వాడు కోతలు కోస్తున్నాడనే లెక్క. సైలెన్సరుకి చిల్లు పడ్డాక ఏ ఇంజనైనా ఒక్కలాగే అరుస్తుంది.

వీళ్ళందర్నీ భరించవచ్చు. రేకుని నమ్మేవాణ్ణి చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంజను పక్కన రివెట్లు కొట్టి చిన్న రేకు ఉంటుంది, దాని మీద మోడలు, నంబరు రాసి ఉంటాయి. దాన్ని ఒక ఇంజను నుంచి ఊడదీసి ఇంకో ఇంజనుకి కొట్టడానికి ఒక ఉలి, ఒక సుత్తి చాలు. మా వైపు లారీలవాళ్ళకి ఇదొక ఆచారం. మొదటి బండి కలిసొచ్చిందంటే, దాని ఇంజను పోయినా రేకు మాత్రం పారెయ్యరు. తర్వాత వేసిన ఇంజనుకి ఆ రేకే కొట్టి దణ్ణం పెట్టుకుంటారు. కొన్నాళ్ళకి తాము చేసిన పని తామే మర్చిపోయి, ఆ రేకు చూసి సామాను కొనుక్కెళ్ళి, సరిపోలేదని మర్నాడు తెచ్చి నా బల్ల మీద పడేస్తారు. తప్పు కొట్టుదని అరుస్తారు కూడా.

అసలు నంబరు బ్లాకు మీద ఉంటుంది. తయారుచేసినప్పుడే, డీజిల్ పంపు కిందుగా, అరచేతి వెడల్పున ఇనుముని చదును చేసి అక్కడ గుద్దుతారు. దాన్ని ఎవడూ ఊడదియ్యలేడు. ఊడదియ్యలేకపోతేనేం, దసరా ఉంది కదా. ఏటేటా ఇంజనుకి కొత్త రంగు పూయాలి. ఓ ఏడు ఆకుపచ్చ, ఓ ఏడు నీలం, సరదా పుడితే వెండిరంగు. బొట్టు పెట్టడానికి చదునైన చోటు కావాలి. ఇంజనంతా వెతికినా చదునుగా ఉండేది ఆ అరచేతి వెడల్పే. అందుకని సరిగ్గా నంబరు మీదే పసుపు, పసుపు మీద కుంకుమ, దాని మీద కారిన ఆయిలు, దాని మీద మళ్ళీ దసరాకి రంగు. కొన్నేళ్ళకి అక్కడ దిబ్బరొట్టె మందాన పెచ్చు కడుతుంది. గీకి చూడండిరా బాబూ అంటే, పూజ చేసిన చోటని చెంపలేసుకుంటారు. ఆ భక్తిలో కాస్త ఆయిలు మార్చడంలో చూపించినా వీళ్ళ బండ్లు బాగుపడేవి.

ఈ జాతికి పెద్ద మా బావ. మా అక్క మొగుడు. ఆమదాలవలస దగ్గర పల్లెటూరు వాళ్ళది. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన లారీ ఒకటుంది, కోతల రోజుల్లో కళ్ళాల నుంచి మిల్లులకి ధాన్యం తోలుతాడు. ఆ లారీకి క్యాబిన్ మారింది, తొట్టి మారింది, గేర్ బాక్స్ మారింది. ఇంజను మాత్రం మారలేదని వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ అందరికీ చెప్పేవాడు. "ఈడు పుట్టిన ఏడు కొన్న బండి. ఇంజను అప్పటిదే. ఈడూ అదీ నాకు ఇద్దరు కొడుకులు" అనేవాడు. ఇనుముకీ మనిషికీ చుట్టరికం కలిపే మాటలు నాకు చిన్నప్పటి నుంచీ గిట్టవు. బావ మాత్రం ఆ మాట పట్టుకునే పెరిగాడు. ఇంజను కొంచెం దగ్గితే చాలు, తనకి జ్వరం వచ్చినట్టు మొహం పెట్టేవాడు.

కిందటేడు వానలు వెనకపట్టాక ఆ లారీ పొగ కక్కడం మొదలుపెట్టింది. బోరుకొచ్చిందన్నారు. అంటే ఇంజను విప్పి, పిస్టన్లూ లైనర్లూ కొత్తవి వెయ్యాలి. లైనరంటే బ్లాకు గూట్లో బిగుతుగా దిగే గొట్టం, పిస్టను అందులో ఆడుతుంది. మరదలి కొట్లో కొనడం నామోషీ కాబట్టి బావ నాకు చెప్పకుండా ఆ సామాను ఇంకెక్కడో కొన్నాడు. ఏం చూసి కొన్నాడంటే, రేకు చూసి. షెడ్డు మేస్త్రి కొత్త లైనరు గూట్లో వేస్తే అది వదులుగా కిందికి జారిపోయింది. బ్లాకు అరిగిపోయిందని మేస్త్రి తేల్చేశాడు. ఇంకో మేస్త్రిని పిలిస్తే అతనూ రేకు చూశాడు, లైనరు చూశాడు, అదే మాట అన్నాడు. ఈలోగా పాత పిస్టన్లూ లైనర్లూ పాత ఇనప సామాన్లవాడి తోపుడుబండి ఎక్కేశాయి. అవి ఉంటే కొలిచి చూడొచ్చని ఆ షెడ్డులో ఒక్కడికీ తట్టలేదు.

అప్పుడు అక్క ఫోన్ చేసింది. మా అక్క ఏడ్చే మనిషి కాదు. ఆ రోజు ఏడుస్తూనే చెప్పింది.

"బండిని ఇనప కాటాకి ఏసీమన్నారే. సామాన్లోడు వస్తన్నాడు. మీ బావ మిల్లోడి బండికి డ్రైవరుగా ఎలిపోతాడట."

"బావ ఏటంటన్నాడు?"

"ఏటీ అనడం నేదు. అన్నం కూడా తినడం నేదు. పరాయోడి బండి తోలి ఈయన బతకలేడే. నాకు బయిమేస్తన్నాది."

నాకూ భయం వేసింది. సొంత లారీ స్టీరింగు ముందు తప్ప బావ ఇంకెక్కడా మనిషిలా కనబడడు. ఈ సంగతి ఆయన మొహం మీద ఎప్పుడూ అనలేదు, అనను కూడా. కొట్టు మూసి, వెర్నియర్ కొలబద్ద సంచిలో వేసుకుని, విజయనగరం వెళ్ళి రైలెక్కి ఆమదాలవలసలో దిగాను.

షెడ్డులో విప్పిన బ్లాకు చెక్కల మీద పెట్టి ఉంది. బావ ఓ పాత టైరు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడింది. మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది ఆడోళ్ళు సూసేది కాదమ్మా."

"మగోళ్ళు సూసి ఏటి సేసారో అదే సూస్తన్నాను" అన్నాను.

గూళ్ళని అడ్డంగా కొలిచాను, నిలువుగా కొలిచాను. అరిగిన గూడు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఒక పక్కకి సాగుతుంది. ఇక్కడ అన్నీ చక్కగా గుండ్రంగా ఉన్నాయి, అన్నీ ఒకే కొలత ఉన్నాయి. అరుగుదల అన్ని గూళ్ళకీ సమానంగా పంచిపెట్టినట్టు జరగదు. బ్లాకుకి ఏమీ కాలేదు. ఈ ఇంజను రేకు మీద ఉన్న మోడలు కానే కాదు, దానికంటే పెద్ద మోడలు. అదే మాట పైకి అన్నాను. రెండూ బయటికి అచ్చం ఒకేలా ఉంటాయి, లోపల గూడు వెడల్పు వేరు. ఇది తెలియకే ఇద్దరు మేస్త్రీలు బతికున్న ఇంజనుకి చావు కబురు చెప్పేశారు.

కానీ ఆ పెద్ద మోడల్లోనూ రకాలున్నాయి, ఒక్కోదానికి పిస్టను ఎత్తు వేరు. నంబరు చూడకుండా తెస్తే నాకూ ఈ మేస్త్రికీ తేడా ఉండదు. మేస్త్రి సణుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాక, స్క్రూడ్రైవరు తీసుకుని పంపు కింద పెచ్చు గీకబోయాను. అంతవరకు కదలని బావ లేచి వచ్చి అక్కడ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడొద్దే."

"ఏటి?"

"నాయన బొట్టెట్టిన సోటు. ఆయన సేత్తో ఎట్టింది అడుగున ఉన్నాది. రేకు మీద నంబరు ఉన్నాది కదా, సాలదేటి?"

"ఆ రేకు సూసే కదా బావా ఇంతవరకు తెచ్చుకున్నావు!"

చెయ్యి తియ్యలేదు. మా బావ మొద్దే గానీ, మరీ అంత మొద్దు కాదు. రేకుదొక మోడలు, ఇంజనుదొక మోడలు అని నేనన్నప్పుడే ఆయనకి సంగతి అర్థమైపోయింది. ఆ పెచ్చు గీకితే వాళ్ళ నాన్న మాట పోతుంది. గీకకపోతే లారీ పోతుంది. ఇనుప ముద్ద ముందు నిలబడి ఇంత వయసు మనిషి కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుంటే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాను. అక్క ముందు మాట్లాడింది.

"గీకే. బండి కాటా ఎక్కితే మావ బొట్టు మాత్రం మిగులుతాదేటి? గీకు."

బావ చెయ్యి తీసి పక్కకి తిరిగాడు. నేను గీకాను. వెండిరంగు ఊడింది, నీలం ఊడింది, ఆకుపచ్చ ఊడింది, మళ్ళీ నీలం. కిరసనాయిలు పోసి వైరు బ్రష్‌తో రుద్దాను. అన్నిటికంటే అడుగున రంగు లేదు, పసుపు ఉంది, అంకెల సందుల్లోకి అదిమి పెట్టినట్టుగా ఉంది. అంకెలు తేలాక చదివాను. ఆ నంబరు మోడలు మార్కెట్లోకి వచ్చేనాటికి బావ పలకా బలపం పట్టుకుని బడికి వెళ్తున్నాడు.

"అంటే మా నాయన..." అన్నాడు బావ.

"మార్సీసాడు బావా. పాతది పోయి ఉంటాది. దానికంటే మంచిది ఎక్కించాడు."

"మరి నాకు సెప్పనేదేటి?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. నిన్నూ ఇంజనునీ కవలలని ఊరంతా చాటాక, కాదని చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఈ ఇంజను ఎక్కించిన రోజునే నంబరు మీద పసుపు అదిమి, పాత రేకు కొట్టి, జీవితాంతం నీ ముందు నటించాడు. ఇవన్నీ నా నాలిక చివరి దాకా వచ్చాయి. అక్క నాకేసి చూసింది. నోరు మూసుకుని నంబరు రాసుకున్నాను.

ఆ పిస్టన్లూ లైనర్లూ మా కొట్టు అటక మీదే ఉన్నాయి. ఆ మోడలు పేరు సరిగ్గా చెప్పి అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ రాక, దుమ్ము కొట్టుకుని పడున్నాయి. కోతలు ఊపందుకునేలోగా ఇంజను కూర్చుంది, లారీ కదిలింది. మిల్లువాడు డ్రైవరుగా ఇంకెవరినో చూసుకున్నాడు. బ్లాకు మంచిదేనని తనకి ముందే అనుమానం వచ్చిందని మేస్త్రి ఇప్పుడు అందరికీ చెబుతున్నాడట. చెప్పుకోనీ, ఆ షెడ్డులో చెప్పుకోవడానికి ఇంకేముంది.

మొన్న దసరాకి అక్క రమ్మంటే వెళ్ళాను. వెళ్ళే ముందే ఫోన్లో బావకి గట్టిగా చెప్పాను, ఇంజనంతా నీ ఇష్టం వచ్చిన రంగు పూసుకో, ఆ అరచేతి వెడల్పు మాత్రం వదిలెయ్యి అని. సరే అన్నాడు. లారీ దగ్గరికి వెళ్ళి ఇంజను మీద మూత తీయించి వంగి చూశాను. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, నంబరు మీద కూడా. రంగు మీద పసుపు, పసుపు మీద బొట్టు. పక్కన ఆ తప్పుడు రేకు, తళతళా తోమి ఉంది.

ఇక నేను ఆగలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. మళ్ళీ బోరుకొస్తే ఏ మొహం పెట్టుకుని నా కొట్టుకి వస్తావని అడిగాను. బావ అంతా విన్నాడు. చేతికి అంటిన పసుపు లుంగీకి తుడుచుకున్నాడు.

"నంబరు నీకు తెలుసు కదేటే" అన్నాడు.

"నాకు తెలిస్తే సరిపోద్దేటి?"

"మా నాయన కప్పెట్టుకున్న మాట అది. ఆయన పోయాక నేను తెరిసి ఊరందరికీ సూపించనా? నీకు తెలుసు, మీ అప్పకి తెలుసు. బండి నడవడానికి అంతకంటే ఏటి కావాల?"

  మళ్ళీ వంగి చూశాను. ఆ పసుపైనా సరిగ్గా రాయలేదు, పల్చగా పూసి వదిలేశాడు, లోపల అంకెల గీతలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఏ పనీ తిన్నగా చేతకాని మనిషి. అక్క చేతిలోని పూజ పళ్ళెం తీసుకుని, మిగిలిన పసుపంతా అరచేత్తో ఆ నంబరు మీద మందంగా అదిమాను.