ఆగకుండా చదివే పిల్ల

"మూడో తరగతిల మల్ల కూసుంటే ఏం పోతది అత్తమ్మా? పునాది గట్టిగైతది."

"పునాది గట్టిగైతే ఇంటికి మంచిది. నాలుగుకొచ్చిన పిల్లను మల్ల మూడుల కూసోవెడ్తే దానికి గట్టిగయ్యేది మొండితనమే."

"ఆ బడోళ్లే అన్నరు, ఇంగ్లీషుల వీకుందని. పరీక్ష వెట్టిండ్రు, మార్కులు సూపిచ్చిండ్రు. నేనేమన్న కల గన్ననా?"

"వీకంటే ఏడ వీకు? జ్వరమొస్తే డాక్టరు నోరు తెర్వమంటడు, కడ్పు వొత్తి సూస్తడు, అటెన్క గోలి రాస్తడు. గీళ్లేంది, ఒక్క అంకె ఏసి పిల్లను కిందికి దింపుమంటున్నరు?"

"నీకు తెల్వదు గని, ఊకో అత్తమ్మా."

"తెల్వదనే గదనే అడుగుతున్న!"

నిజామాబాద్‌లో మా గల్లీకి ఈ కొట్లాట కొత్త కాదు. నేనూ మా కోడలూ గొంతు పెంచితే ఎదురింటివాళ్లు టీవీ గొంతు తగ్గిస్తారు. ఆ రోజు గొడవ నాలుగో తరగతి చదివే మా మనవరాలి గురించి. కోడలి పుట్టిల్లు బోధన్ పక్కన చెరకు పండే ఊరు. అక్కడ ఆమె అన్న పిల్లలు టై కట్టుకుని వ్యానులో ప్రైవేటు బడికి పోతారు. మన పిల్ల కూడా అమ్మమ్మ ఇంట్లో ఉండి ఆ బడికే పోవాలని కోడలి పట్టు. పోయిన వారం తీసుకుపోయి పరీక్ష రాయించింది. లెక్కలు బాగున్నాయట, తెలుగు బాగుందట, ఇంగ్లీషు మాత్రం లేదట. చేర్చుకుంటాం కానీ మళ్లీ మూడో తరగతిలోనే అన్నారట. మేనమామ తెల్లారి వచ్చి పిల్లను తీసుకుపోవాలని మాట అయిపోయింది. లారీ మీద పోయిన నా కొడుకును ఫోనులో అడిగితే, మీరిద్దరూ ఏదంటే అదే అన్నాడు. మేమిద్దరం ఎన్నడు ఒక మాట మీదున్నామని!

పిల్ల గడప మీద కూర్చుని అంతా వింటున్నది. ముందురోజు రాత్రి నా పక్కన పడుకుని, "మూడుల అందరు నాకంటె చిన్నోళ్లుంటరు బాపమ్మా, నన్ను అక్కా అని పిలుస్తరు," అన్నది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నేను చదివింది రెండో తరగతి. అది కూడా మధ్యలోనే. తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతాను, అంకెలు గుర్తుపడతాను, అంతే. కానీ నాకు ఒకటే అర్థం కాలేదు. ఈ పిల్ల రోజూ సాయంత్రం మా అరుగు మీద ఇంగ్లీషు పుస్తకం గడగడా చదువుతుంది. వాగు పారినట్టు చదువుతుంది. అట్లా చదివే పిల్లకు ఇంగ్లీషు రాదంటే ఎట్లా? మార్కులేసినవాళ్లు అబద్ధమాడరు. నా చెవులూ అబద్ధమాడవు. ఈ రెంటి నడుమ ఏముందో చూడాలనిపించింది. ఎండకు గొడుగైనా వేసుకోకుండా, పిల్లను వెంటబెట్టుకుని గల్లీ చివర అది చదివే సర్కారు బడికి నడిచిపోయాను.

ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ వయసులో చిన్నది. నేను సంగతి చెప్పగానే బీరువాలోంచి ఒక పెద్ద చార్టు తీసి బల్ల మీద పరిచింది. ఈ యేడు బడి తెరిచిన కొత్తల్లో ఆమె కూడా అందరికీ పరీక్ష పెట్టిందట. అయితే మొత్తం మార్కులు కూడి ఒక అంకె వేయలేదు. ఒక పక్క పిల్లల పేర్లు, పైన గళ్లు. విని అర్థం చేసుకోవడం ఒక గడి, మాట్లాడడం ఒకటి, పాఠం చదవడం ఒకటి, ఎన్నడూ చూడని కొత్త పేజీ చదవడం ఇంకొకటి, రాయడం వేరే. వస్తే పచ్చరంగు, రాకుంటే ఎరుపు.

"ఇది మీ పిల్లది అవ్వా," అని వేలు పెట్టి చూపించింది. వినడం పచ్చ. పాఠం చదవడం పచ్చ. కొత్త పేజీ చదవడం ఎరుపు. "నాకూ ఇదే అర్థం కాలేదు. పాఠం ఇంత బాగా చదివే పిల్ల, దానికంటే చిన్న మాటలున్న కొత్త పేజీ ఎందుకు చదవలేదు? ఆ రోజు భయపడ్డదేమో అనుకున్న."

"భయమా? గిది పామును సూసి పలకరిస్తది మేడం."

టీచరమ్మ నవ్వి పిల్లను దగ్గరికి పిలిచింది. తాను రాసిన కాగితం ఒకటి చేతికిచ్చింది. దాని మీద దారి తప్పిన మేక బొమ్మ ఉంది. పిల్ల కాగితం చూసింది, మొదలుపెట్టింది, గడగడా చదివేసింది. నాకు పానం నిమ్మళమైంది. టీచరమ్మ మాత్రం బొమ్మను చూపించి, "ఇది మేక కథ బిడ్డా. నువ్వు నాకు కుందేలు కథ చెప్పినవు," అన్నది.

కుందేలు కథ వాళ్ల పుస్తకంలో పాఠం. రెండు కథలూ ఒకటే మాటతో మొదలవుతాయట. పిల్ల ఆ మొదటి మాట చూసింది, అంతే, కుందేలు పరుగెత్తింది.

అప్పుడు టీచరమ్మ ఇంకో పని చేసింది. పుస్తకం తెరిచి కుందేలు పాఠం చదవమన్నది. పిల్ల చదువుతుంటే నడుమల తన అరచెయ్యి పేజీ మీద పరిచి మూసేసింది. పిల్ల ఆగలేదు. ఆ చేతి మీద చూపు పెట్టి అట్లాగే చదువుకుంటూ పోయింది. పేజీ తిప్పాల్సిన చోటు రాగానే తిప్పడానికి చెయ్యి కూడా చాపింది. నేను నోట్లో కొంగు పెట్టుకున్నాను. నవ్వాలో భయపడాలో తెలియలేదు. మూసిన పేజీని చదివే పిల్లను నేను అంతకుముందు చూడలేదు.

"ఇంట్లో ఈమె చదువు ఎవరు వింటరు అవ్వా?" అని అడిగింది టీచరమ్మ.

ఎవరు వింటారు, మా అరుగంతా వింటుంది. మధ్యాహ్నం దాటితే చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లందరం చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతాం. చేతులు పనిలో ఉంటాయి కానీ చెవులు ఖాళీయే. బడి నుంచి వచ్చిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మా ముందు నిలబడి పాఠం చదవాలి. మాలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. మా కోడలు పది పాసైంది కానీ ఆ వేళకు పొయ్యి దగ్గరుంటుంది. రాని చదువును మేమెట్లా తూకం వేయాలి? ఆగితే తప్పు, ఆగకుంటే ఒప్పు. అదే మా తూకం. పిల్ల కొంచెం తడబడితే చాలు, "అగో, బండాగింది! పెట్రోలైపోయింది!" అని ఒకామె అంటుంది. ఆగకుండా చదివితే, "గీ పోరి కలెక్టరైతది," అని ఇంకొకామె అంటుంది. అందరిలో నా కట్టుబాటు ఎక్కువ. ఆగితే మళ్లీ మొదటి నుంచి చదవాలి. చుట్టు తప్పిన బీడీని నడుమల సరిచేయలేం, విప్పి మొదటి నుంచి చుట్టాల్సిందే. పిల్లల చదువుకూ అదే పద్ధతి పెట్టాను. నేను అక్షరం అక్షరం ఆగి చదువుతుంటే నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు. నా ఇంటి పిల్లకు ఆ నవ్వు వద్దనుకున్నాను.

టీచరమ్మ విన్నది. మళ్లీ చార్టు మీద వంగి ఒక్కొక్క పేరు దగ్గరా వేలు ఆపి, "ఈ బాబు మీ గల్లీయేనా? ఈ పాప?" అని అడిగింది. ఔను, ఔను అన్నాను. మా అరుగు మీద చదివే పిల్లలందరికీ ఒకటే వరుస. పాఠం పచ్చ, కొత్త పేజీ ఎరుపు. స్టేషను వైపు నుంచి వచ్చే పిల్లలకు అట్లా లేదు. వాళ్లకు కొత్త పేజీ కొంచెం కొంచెం వస్తుంది, మాట్లాడడం దగ్గర ఎరుపు. ఒకటే తరగతి, ఒకటే టీచరు, గల్లీకొక తీరు. నాకు ఆ కాగితం మీదినుంచి కళ్లు తిప్పబుద్ధి కాలేదు.

"మరి ఇది మూడో తరగతిల కూసుంటే వస్తదా మేడం?" అసలు నేను వచ్చింది ఆ మాట కోసమే.

ఆమె పిల్ల ముందు చిన్న చిన్న మాటలు రాసిన అట్టముక్కలు పెట్టి, "ఆగి చూడు. ఎంతసేపైనా ఆగొచ్చు," అన్నది. పిల్ల ముందు నా ముఖం చూసింది. నేను తల ఊపాను. చిన్న మాటలు కూడబలుక్కుని చదివింది. ఒక మాటలో రెండు అచ్చులు పక్కపక్కన వచ్చాయట, అక్కడ పూర్తిగా నిలిచిపోయింది. ఇంకో అట్ట పెట్టినా అక్కడే. ఇంకోటి పెట్టినా అక్కడే.

"ఇగో, ఇక్కడిదాకా వచ్చు," అన్నది టీచరమ్మ. "మూడో తరగతిలో ఇవే పాఠాలు ఇంకొంచెం చిన్నగ ఉంటయి అవ్వా. అవి కూడ బట్టీ పడ్తది. రేపటి నుంచి బెల్లుకు ముందే మీ గల్లీ పిల్లల్ని కూసోబెట్టుకుంట. ఎన్ని రోజులు పడ్తదో మాత్రం నన్నడగొద్దు."

ఇంటికి వచ్చి చెబితే కోడలు నమ్మలేదు. "సూడకుండ సదువుతదంట! నీ మనుమరాలేమన్న గారడీదా?" అన్నది. నేను పుస్తకం తెరిచి పిల్ల ముందు పెట్టి, నడుమల నా చెయ్యి అడ్డం పెట్టాను. పిల్ల చదువుకుంటూ పోయింది. కోడలు గరిటె పక్కన పెట్టి దగ్గరికి వచ్చి వంగి చూసింది. "గట్లైతే ఇంక జల్ది పంపాలె," అన్నది. "గిన్నొద్దులు సదువుతున్నదనుకున్న గద! గీ బడిల ఇంకేం నేర్చినట్టు?"

"బడి కాదే, మన అరుగు నేర్పింది."

"అరుగైతేంది, బడైతేంది, పిల్లకైతే రాకపాయె!"

పిల్ల గురించి ఆమె భయం నిజమైనది.

ఆ సాయంత్రం అరుగు మీద మేక కాగితం తీశాను. టీచరమ్మను అడిగి తెచ్చుకున్నాను. పిల్ల మొదటి మాట చదివి ఆగింది. వెంటనే, "అగో, పెట్రోలు!" అన్నది ఎదురింటామె.

"నీ పెట్రోలు బంకు మీద పిడుగు వడ! నోరు మూస్కొని చుట్టు," అన్నాను. "ఆగు బిడ్డా. ఆగి సదువు."

చాటల్లో ఆకు చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆగుడంటే ఇంతసేపుంటుందని మాలో ఎవరికీ తెలియదు. పిల్ల పెదవులు కదిలాయి, వేలు ఒక మాట కింద చాలాసేపు నిలబడింది. "బాపమ్మా, గిది మేకనా?"

"నాకేం ఎరుక? నువ్వు సెప్పాలె."

"మేకనే," అన్నది కోడలు వెనక నుంచి. ఆమె ఎప్పుడు తలుపు దగ్గరికి వచ్చిందో నేను చూడలేదు. "అటెన్క మాట సూడు." పిల్ల ఆ తర్వాతి మాట తప్పు చదివింది, మళ్లీ చూసింది, ఇంకోసారి తప్పు చదివింది. చీకటి పడేసరికి కాగితంలో సగం కూడా కాలేదు. అయినా కోడలు పిల్ల బట్టలు సంచిలో సర్దే పడుకున్నది.

తెల్లారి మొదటి బస్సుకే కోడలి అన్న వచ్చాడు. పిల్ల స్నానం చేసి ఏ బట్టలు వేసుకోవాలో తెలియక తువాలు చుట్టుకుని నిలబడ్డది. కోడలు సర్కారు బడి బట్టలు తీసి ఇచ్చింది. "జర కూసో అన్నా, ఇప్పుడే వస్త," అని పిల్ల చెయ్యి పట్టుకుని బెల్లుకు ముందే బడికి పోయింది. నేను ఆయనకు చాయి పెట్టాను. ఆయన రెండోసారి కూడా తాగాడు. వాళ్ల ఊళ్లో వానలెట్లున్నాయో చెప్పాడు.

కోడలు చాలాసేపటికి ఒక్కతే తిరిగొచ్చింది. మా గల్లీ పిల్లలను వరండాలో కూర్చోబెట్టి టీచరమ్మ అట్టముక్కలు చూపిస్తుంటే, కిటికీ దగ్గర నిలబడి చూసి వచ్చిందట.

"దసరా దాక సూస్త అన్నా," అన్నది. "అప్పటికి కొత్త పేజీ సదువకపోతే నేనే తోల్కొస్త."

ఆయన నా వైపు చూశాడు. నేను చాట ఒళ్లోకి లాక్కున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, బోధన్ బస్సుకు పోయాడు.