బండికి వీపు చూపని టీచరమ్మ

మా టీచరమ్మ పోయిన సంగతి నాకు ముందు ఫోన్లో వీడియోగా వచ్చింది. పాల్వంచ రోడ్డు మీద ఆమె పడి ఉంటే ఎవడో చుట్టూ తిరిగి తీశాడు. గొడుగు ఒక పక్క, చెప్పు ఒక పక్క. ఆమెను లేపే తీరిక మాత్రం వాడికి లేదు. సగంలోనే ఆపేశాను.

చిన్నప్పుడు మమ్మల్ని బడికి ఆమే తీసుకుపోయేది. రోడ్డుకు కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనబడేలా, వరసగా. భద్రాచలం బస్సులు, కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలు మా చొక్కాలు ఎగిరేలా పోయేవి. "బండికి వీపు చూపొద్దురా, మొహం చూపుండ్రి. మనం మనుషులమని వానికి యాదుండాలె" అనేది. లారీవాడు హారన్ మోగిస్తే గొడుగెత్తి ఆపేసేది. "హారన్ కొట్టుడు దారి అడుగుడు గాదు, బెదిరిచ్చుడు" అని వాడికీ పాఠం చెప్పేది. రిటైరయ్యాక కూడా పొద్దున్నే పాలకు అలాగే నడిచేది.

ఆ రోజూ అలాగే నడిచింది. వెనక నుంచి ఒక కారు బస్సును దాటబోయి కుడిపక్కకు దూసుకొచ్చింది. గుళ్లో పూజ చేయించుకొని వస్తున్న కొత్త బండి. బంపరు మోకాళ్ల కింద కొట్టింది. తల కారు అద్దానికి తగిలింది, ఆ తర్వాత రోడ్డుకు తగిలింది. "కాళ్లయితే అతికిస్తుంటిమి. తలకే గట్టిగ తగిలింది" అన్నాడట కొత్తగూడెం దవాఖానాలో డాక్టరు. కారు దిగినాయన ముందు తడిమి చూసుకున్నది బంపరునట!

అంతకన్నా రోత ఆమె వాకిట్లో చూశాను. శవం లేవకముందే కారాయన బావమరిదిని వెంటబెట్టుకొని మా ఊరి పెద్దమనిషి వచ్చాడు. ఈ పెద్దమనిషీ చిన్నప్పుడు ఆమె వెంట ఆ వరసలో నడిచినవాడే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

"టీచరమ్మ రాంగ్ సైడ్ నడిచిందట గద చెల్లే. తప్పు మనదైనప్పుడు కేసెందుకు?" అన్నాడు.

టీచరమ్మ కూతురు ఏడుపు ఆపింది. "అవ్, నడిచింది. గా సైడుకే నిన్ను గూడ నడిపిచ్చిందన్నా. అందుకే ఇయ్యాల నా ముంగట నిలబడి మాట్లాడుతున్నవ్. మా అమ్మది తప్పని నేనైతే రాయనియ్య. పో."

పాడె రోడ్డెక్కగానే మోసేవాళ్లు కుడిపక్కకు తిరిగారు. ఎవరూ చెప్పలేదు. మేమంతా వెనక వరస కట్టాం. ఎదురుగా ఒక కారు వచ్చి హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. కూతురు ముందుకు వెళ్లి, చువ్వలు వంగిన అమ్మ గొడుగును పైకెత్తి పట్టుకుంది.