బరువు ఏ కాలి మీద?

పాలమూరు పార్కులో నేను తైచీ చేస్తుంటే పిచ్చుకలు వచ్చి భుజం మీద వాలేవి. సరే, వాలలేదు. ఒక కాకి కాస్త దూరంలో కూర్చుని చూసేది, అంతే. అయినా చైనావాళ్ల ఆ నెమ్మది కసరత్తు నేను మొదలుపెట్టింది పక్షుల కోసం కాదు, బస్సు కోసం.

స్నానాల గదిలో జారిపడ్డాక నా భార్య ఒక షరతు పెట్టింది. "ఇంకొక్కపాలి పడ్డవంటే బిడ్డ ఇంటికి ఒక్కనివి పోవుడు బంద్. నేను ఎంబడి వస్త, లేకుంటే ఇంట్ల కూసో."

మా కూతురు ఉండేది భువనగిరిలో. దారిలో బస్సు మారి, కిటికీ పక్కన ఒక్కణ్నే కూర్చుని అంతదూరం పోవడం, నాకు మిగిలిన రాజ్యం అదొక్కటే. అందుకని కాళ్లు గట్టిపడాలని పార్కులో చేరాను.

అక్కడ నేర్పేది రిటైరైన డ్రిల్లు మాస్టరు. నెల రోజులు చేతుల జోలికే పోలేదు. నిలబడమనేవాడు. బరువు ఎడమ కాలి మీదికి తెమ్మనేవాడు. కుడి కాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే లేపమనేవాడు. ఇంత పేరున్న విద్యలో ఉండేది ఇదేనా? అసలుది దాస్తున్నాడనో, అతనికే రాదనో నా అనుమానం. చివరికి చేతులు కూడా నేర్పాడు. మబ్బును పక్కకు తోసినట్టు, మెత్తగా. అది యాంగ్ పద్ధతి అన్నాడు.

భువనగిరిలో మా కూతురి వీధిలోనే ఒక రిటైరైన నర్సమ్మ డాబా మీద తైచీ చెబుతోందని తెలిసి వెళ్లాను. ఆమె చేతులు పూర్తిగా వేరు. మెల్లగా తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి విసిరేది. చెన్ పద్ధతట. విద్య ఒకటే అంటారు, చేతులు చూస్తే పొంతన లేదు! ఇద్దరిలో ఒకరు దొంగ అని తేల్చుకున్నాను. ఎవరో పట్టుకుందామని పాలమూరు చేతులన్నీ ఆమె ముందు ప్రదర్శించాను.

ఆమె నా చేతుల వంక చూడనే లేదు. "అన్నా, రెండు కాళ్ల మీద బరువేసుకొని కదుల్తున్నవ్. గట్లనే పడ్తవ్. ముందుగాల ఒక కాలు ఖాళీ చెయ్యి."

అచ్చం మాస్టరు మాట! నా అనుమానం ఇద్దరి మీదికీ పాకింది. పాలమూరు రాగానే మాస్టరును నిలదీశాను.

"భువనగిరి నర్సమ్మ మీకెట్ల ఎరుక సారూ?"

"ఏ నర్సమ్మ?"

"చేతులేమో వేరువేరు. మాట ఒక్కటే ఎట్లయితది?"

ఆయన నవ్వాడు. "చేతులు ఎవలి తీరు వాళ్లవి పెద్దాయినా. కాలు ఖాళీ చేసుడు, నడుము నిటారుగ పెట్టుడు, భుజాలు వదులుడు, గివి లేకుంటే ఏ తీరైనా ఉత్త గాలి ఊపుడే."

నమ్మలేదు. ఇంటికొచ్చి ఈ కుట్ర సంగతి భార్యకు చెప్పాను.

"నాటేసేటప్పుడు బురదల కాలెట్ల తీస్తం? బరువున్న కాలు గుంజితే బోర్ల పడ్తం. గిది నేర్సుకోనికా పార్కుకు పోతున్నవ్?" అంది.

ఆ ఇద్దరూ ఈమెకు కూడా ఫోను చేశారా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

తర్వాతి నెల భువనగిరిలో బస్సు దిగుతున్నాను. మెట్టు కింద కంకర. కుడి కాలు ఆనించగానే రాయి దొర్లింది. బరువు ఇంకా వెనక కాలి మీదే ఉంది. కుడి కాలు వెనక్కి తీసుకుని, పక్కన మరోచోట ఆనించి, అప్పుడు దిగాను.

భార్యకు ఫోనులో చెప్పింది వేరు. కదిలే బస్సులోంచి దూకి, గాల్లో చెన్ పద్ధతిలో ఒక చుట్టు తిరిగి, యాంగ్ పద్ధతిలో నేల మీద వాలానని.

"మరి చేతులు ఏడ పెట్టినవ్?" అంది.

అనుమానంలో ఆమె నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఒప్పుకున్నాను. బస్సు ఆగే ఉంది. రెండు చేతులతోనూ తలుపు కమ్మీ పట్టుకున్నాను. కండక్టరు "దిగు పెద్దాయినా, దిగు!" అని మొత్తుకుంటున్నా వదల్లేదు. కాలు ఖాళీగా ఆనించింది మాత్రం అబద్ధం కాదు.



"వచ్చేటప్పుడు గూడ కమ్మి ఇడ్వకు," అంది. ఎంబడి వస్తానని మాత్రం అనలేదు.