ఊకెనే పుట్టెక్కిన మనిషి

మా ఆయన సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. బతికున్నన్నాళ్లూ, తింటున్నా పడుకున్నా, ఆయన కుడికాలు మగ్గం తొక్కుతున్నట్టే ఆడుతూ ఉండేది. ఆ కాలు ఆగడం నేను ఒక్కసారే చూశాను.

చలికాలం. కొండగట్టులో మొక్కు తీర్చుకున్నాక నన్ను వెల్గటూరు దాకా తీసుకుపోయి గోదావరి ఒడ్డున నిలబెట్టాడు.

"గిక్కడేం పనయ్యా?" అన్నాను.

"పనేం లేదు. మొకం కడుక్కునేటప్పుడు తప్ప నువ్వు నీళ్లెన్నడు సూసినవ్?"

గుండ్రటి పుట్టి పడవ నడిపే అతన్ని బతిమాలి ఇద్దరం ఎక్కాం. నీళ్ల మధ్యకు పోయాక, వెచ్చటి ఎండలో ఆయన కాళ్లు చాపుకున్నాడు. కాలు ఆగిపోయింది.

అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు ఊళ్లు గాలిస్తున్న రోజులవి. పుట్టి అవతలి ఒడ్డుకు చేరగానే మమ్మల్ని ఆపి దింపారు.

"ఎవలింటికి పోతున్నర్రా?"

"ఎవలింటికి గాదు సారూ. ఊకెనే తిరుగుతున్నం."

"పెండ్లాన్నేసుకొని ఊకెనే తిరగనీకి నువ్వేమన్న దొరవా?"

చెంప మీద కొట్టి మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట చెప్పాడు. ఇంకో దెబ్బ పడింది. చివరికి వాళ్లే విసుగొచ్చి పొమ్మన్నారు.

పుట్టిలో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. "సుట్టాలింటికని ఏదో ఒక ఊరి పేరు చెప్తే ఏం బోతుండె?"

"చెప్తే గా ఊరోళ్ల మీద పడుదురు. నా చెంపతోనే పోయింది గదా."

తర్వాత పుట్టి నడిపే అతనితో అన్నాడు: "ఇంకో సుట్టు తిప్పు తమ్మీ. ఏడ్సుకుంట ఈమె గోదారినే సూడలే."

వాచిన చెంప చేత్తో పట్టుకుని మళ్లీ కాళ్లు చాపుకున్నాడు. నేను ఆయన కుడికాలి వైపే చూస్తున్నాను. అది కదలలేదు.